కంప్యూటర్లో నేను పెట్టించిన గడి

ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒకే పూట కోపం తెప్పించాలంటే ఏం చేయాలో నాకు తెలుసు. కొళాయి దగ్గర ఎవరి బిందెనూ తన్నక్కర్లేదు, ఎవరి కోడలి మీదా చాడీలు చెప్పక్కర్లేదు. చల్లని గదిలో కుర్చీ మీద కూర్చుని, కంప్యూటర్లో ఒక్కటంటే ఒక్క గడి పెట్టిస్తే చాలు. నేను పెట్టించాను. ఆ గడిలోంచి లేచిన గాలివాన ఉదయగిరి కొండ కింద మా గరిటెల షెడ్డును ఎలా ఊపేసిందో చెబుతాను, వినండి. సంతకం పెట్టడం, చర్చిలో పాడే పాటల పుస్తకం కూడబలుక్కుని చదవడం తప్ప నాకు రాతకోతలు పెద్దగా రావు కాబట్టి నోటితోనే చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. నా గొంతు ముందే బొంగురు. మాటలు ఎక్కడైనా గరుకుగా తగిలితే మీరే నున్నగా రుద్దుకోండి.

తొంభైల చివరి మాట ఇది. నా భర్త పోయి అప్పటికే చాలా కాలమైంది. షెడ్డులో నేనూ ఖాజాబీ ఒక జంట. ఆమె బాడిసెతో కొయ్యను గరిటె ఆకారానికి చెక్కుతుంది. నేను ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితం పట్టి నునుపు తేలుస్తాను. నాకు బాడిసె ఇస్తే వేళ్ళు పోతాయి. ఆమెకు ఆకురాయి ఇస్తే ఓపిక పోతుంది. ఇద్దరం కలిస్తేనే ఒక గరిటె. ఆ గరిటె అమ్ముడైతేనే రెండిళ్ళలో పొయ్యి వెలిగేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

అప్పట్లో కొండకు పోయి కొయ్య తెచ్చుకుంటే ఫారెస్టు వాళ్ళు పట్టుకునేవాళ్ళు. అందుకని మా సొసైటీ వాళ్ళు గోదాము పెట్టి, కార్డు ఉన్నవాళ్ళకే కొయ్య ఇస్తామన్నారు. కార్డు రావాలంటే మా వివరాలన్నీ ఆత్మకూరు ఆఫీసులో కంప్యూటర్లోకి ఎక్కాలట. షెడ్డంతా పనులు మానుకుని పోలేం కదా, అందరి వివరాలూ తెలిసిన మనిషి ఒకరు చాలన్నారు. గొంతు పెద్దదని నన్ను పంపారు, తోడుగా ఖాజాబీని పంపారు. తెలివి ఎవరికి పెద్దదని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేను ఇంట్లోనే ఉండేదాన్ని.

ఆ గది ముందు చెప్పులు విడవమన్నారు. గుడికీ, మసీదుకూ, మా చర్చికీ ఉన్న మర్యాదే దీనికీ ఉందన్నమాట. లోపల కంప్యూటరుకు దుప్పటి కప్పి ఉంచారు, చలిజ్వరం వచ్చిన పిల్లకు కప్పినట్టు. సుజాత అనే అమ్మాయి ఆ దుప్పటి తీసి, మడతపెట్టి, దాని ముందు కూర్చుంది. ఆత్మకూరు పిల్లే, నెల్లూరులో కంప్యూటరు నేర్చుకుని వచ్చింది. ఖాజాబీకి ఆ చలి పడలేదు. "నేను బజార్లో గాజులు చూసొస్తా. నువ్వు చెప్తా ఉండు మే" అని బయటికి పోయింది.

తెర మీద గడులు గడులుగా ఉంది. పేరుకొక గడి, ఇంటిపేరుకొకటి, భర్త పేరుకొకటి, ఊరికొకటి. నేను చెబుతుంటే సుజాత టకటకా కొడుతోంది. పెంచలమ్మ దాకా బాగానే నడిచింది. రెండో పెంచలమ్మ దగ్గర కంప్యూటరు కుయ్‌మంది.

"ఏందమ్మా, ఏమంటా ఉండాది?"

"ఈమె ముందే ఉండాది, మళ్ళీ ఎందుకు ఎక్కిస్తా ఉండారు అంటా ఉంది పెద్దమ్మా."

"యాడుండాది? ఆమె ఉదయగిరిలో గరిటెలు రుద్దతా ఉంటే."

"మొదటి పెంచలమ్మ, ఈ పెంచలమ్మ ఒకటే అనుకుంటా ఉంది. పేరొకటే, ఇంటిపేరొకటే. భర్త పేరు గూడా పెంచలయ్యే అని చెప్పినారు."

"ఇద్దరి మొగుళ్ళూ పెంచలయ్యలే. నేనేం చేసేది?"

మా వైపు పెంచలకోన దేవుడికి మొక్కుకుని కన్న పిల్లలందరూ పెంచలమ్మలూ పెంచలయ్యలే. వాళ్ళను వాళ్ళే పెళ్ళాడుతారు. ఆ సంగతి మనకు తెలుసు గానీ కంప్యూటరుకు తెలియదు పాపం. మూడో పెంచలమ్మ కూడా ఒకామె ఉంది గానీ, ఆమె మాట నేను అప్పటికి ఎత్తలేదు.

సుజాత మీటల మీద నుంచి చేతులు తీసింది. "మనిషికొక నంబరు ఇస్తే సరిపోతాది పెద్దమ్మా. నంబరు వేరైతే మనిషి వేరు."

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే, ఇప్పుడు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

"నంబరేందమ్మా? మేమేమన్నా మేకలమా, గొర్రెలమా, మందలో కలిసిపోతామని చెవులు కోసి గుర్తు పెట్టేదానికి?"

"మరి మీరెట్టా గుర్తుపడతారు, ఏ పెంచలమ్మ అనేది?"

"అదేమన్నా కష్టమా? కొయ్య చేతిలో పెట్టుకుని తూగేది నిద్ర పెంచలమ్మ. కోడిపుంజు కోసం వీధివీధంతా తిట్టిపోసిందే, ఆమె కోడిపుంజు పెంచలమ్మ. ఉప్పుకాగితం ఇయ్యి, రేపిచ్చేస్తా అని తీసకపోయేది రేపటి పెంచలమ్మ."

సుజాత కళ్ళు పెద్దవయ్యాయి. తెర మీద ఏదో తెరిచి, ఏదో మూసి, కొత్త గడి ఒకటి పుట్టించింది. దానికి 'పిలుపు పేరు' అని పేరు పెట్టింది.

"బాగా చెప్పినారు పెద్దమ్మా. నాకు తోచనే లేదు. ఇది ఖాళీ వదలకూడదు, ఇద్దరికి ఒకటే ఉండకూడదు. అట్టా కట్టడి చేసేసినా. అందరూ ఇట్టానే పిలస్తారా?"

"షెడ్డు షెడ్డంతా" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. షెడ్డంతా అలాగే పిలుస్తారు, ఆ మనిషి అటు తిరిగాక. మా దగ్గర అలాంటి పేరు మనిషి వెనక మాత్రమే నడుస్తుంది, ఎదురుగా అడుగు వేయదు. ఎవరికీ ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించే పద్ధతి అది. మరి కంప్యూటర్లో రాస్తే అది ఎదురో, వెనకో? ఆ ప్రశ్న నాకు తట్టలేదు. చదువుకున్న పిల్ల నా మాట విని గడి పెట్టిందన్న సంబరంలో కుర్చీలో ఇంకొంచెం వెడల్పుగా కూర్చున్నాను.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. సుజాత అడగడమే ఆలస్యం, పిలుపు పేర్లు వేపచెట్టు దులిపితే పండ్లు రాలినట్టు రాలాయి. పేర్లు లేనివాళ్ళకు కూడా అక్కడికక్కడే పెట్టాను. గడి ఖాళీ వదలకూడదు కదా. మస్తానమ్మ దగ్గర మాత్రం ఆగాను. ఆమె ఎవరి జోలికీ పోదు, గట్టిగా నవ్వదు, గట్టిగా ఏడవదు, ఎంత వెతికినా వంక దొరకదు.

"ఈమెకేం లేదమ్మా" అన్నాను.

"ఏదో ఒకటి ఉండాల పెద్దమ్మా."

"ఏమీ లేదంటే. సరే, ఏమీలేని మస్తానమ్మ అని కొట్టు."

కొట్టింది. కంప్యూటరు ఒప్పుకుంది.

ఖాజాబీ వంతు వచ్చింది. వాళ్ళ తాతల తాత మా కొండ మీది కోటలో నవాబు దగ్గర కొలువు చేశాడని ఖాజాబీ చెబుతుంది. మొదట్లో కొలువు అనేది, తర్వాత దివాను అనేది. ఆ మధ్య నవాబుకే బంధువు అనే దాకా వచ్చింది. ఆమె లేనప్పుడు నేను నవాబు వచ్చిందా, నవాబు పోయిందా అనేదాన్ని. తలుపు వైపు ఒకసారి చూశాను. ఇంకా గాజుల కొట్టు దగ్గరే ఉన్నట్టుంది. "నవాబు ఖాజాబీ" అని గొంతు తగ్గించి చెప్పాను. నా గొంతు తగ్గిందంటేనే అది తప్పని నాకు తెలిసి ఉండాల్సింది.

చివరికి నా వివరాలు.

"మీ ఆయన పేరు?"

"ఉండాది."

"చెప్పండి మరి."

"మొగుడి పేరు నోటితో ఎట్టా చెప్పేది?"

"ఆయన లేరు గదా పెద్దమ్మా."

"ఆయన లేకపోతే మర్యాద గూడా లేకుండా పోతాదా?"

"ఖాళీ వదిలితే ఇది ముందుకు పోదు."

"గుర్తు చెప్తా, నువ్వే పట్టుకో. బైబిల్లో ఉంటాడు. రాజు ఆయన్ని గుంతలో వేయిస్తే సింహాలు నోరు గూడా తెరవలేదు."

సుజాత వాళ్ళది గుడికి పోయే ఇల్లు. పాపం, చాలాసేపు పైకి చూసి ఆలోచించింది. "సింహాలా? నరసింహులా పెద్దమ్మా?"

చదువుకున్న పిల్ల, సింహాల దాకా వచ్చింది, గుంతలో ఉన్న మనిషి పేరు కూడా తనే పట్టుకుంటుందిలే అనుకుని తల ఊపాను.

"ఇంక మీ పిలుపు పేరు?"

"నాకట్టాంటివి లేవమ్మా. నన్నందరూ కరుణమ్మ అనే అంటారు."

"ఖాళీ వదిలితే..."

"తెలుసులేమ్మా, ముందుకు పోదు. గొంతెండిపోతా ఉండాది, టీ తాగొచ్చి ఆలోచిస్తా."

నేను టీ తాగి వచ్చేసరికి ఖాజాబీ నా కుర్చీలో కూర్చుని ఉంది. కంప్యూటరు మీద మళ్ళీ దుప్పటి కప్పేశారు. "అయిపోయింది పెద్దమ్మా, అన్నీ ఎక్కినాయి" అంది సుజాత. ఎలా ఎక్కాయని నేను అడగలేదు. ఇంటికి వచ్చే బస్సులో నేను ఖాజాబీని చూసి లోపల్లోపల నవ్వుకున్నాను. ఆమె కూడా నన్ను చూసి నవ్వుకుంటోంది. ఈమెకేం తెలుసని నవ్వుతోంది, పిచ్చిది, అనుకున్నాను.

కార్డులిచ్చే రోజు షెడ్డు ముందు షామియానా వేశారు. ఊళ్ళో పనిలేని మగవాళ్ళందరూ వచ్చి వెనక నిలబడ్డారు. నెల్లూరు నుంచి సొసైటీ సెక్రెటరీ సారు వచ్చారు. ఆయన కొత్తగా వచ్చిన మనిషి, మంచి మర్యాదస్థుడు. మర్యాదస్థుడు కాకపోయినా బాగుండేది. కార్డులు తీసుకుని, మైకు ముందు నిలబడి, ఇంటర్నెట్ అనేదొకటి వచ్చిందనీ, మీ వివరాలు అందులోనూ పెడతామనీ, జర్మనీలో గరిటె కొన్నవాళ్ళు కూడా అది ఎవరు చెక్కారో చూసుకోవచ్చనీ చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా నేను కొట్టాను.

సారు మొదటి కార్డు ఎత్తి, గొంతు సవరించుకుని, "శ్రీమతి నిద్ర పెంచలమ్మ గారు" అని చదివారు.

వెనక మగవాళ్ళు కిసుక్కుమన్నారు. నిద్ర పెంచలమ్మ నిద్రపోతోంది. పక్కామె మోచేత్తో పొడిస్తే లేచి, పోయి, దండం పెట్టి కార్డు తీసుకుని వచ్చి కూర్చుంది. "ఏందిమే అందరూ నవ్వతా ఉండారు?" అని అడిగింది. ఆమె ఒక్కతే ఆ రోజు సుఖంగా ఉంది.

"శ్రీమతి కోడిపుంజు పెంచలమ్మ గారు."

ఆమె లేచింది. లేవడం నిజంగా పుంజు లేచినట్టే లేచింది. "సారూ, ఆ ముందర చదివిందేందో ఇంకోసారి చదవండి."

సారుకు ఆమె ముచ్చటపడి అడిగిందని తోచింది. ఇంకా గట్టిగా చదివారు.

"ఎవురు చెప్పినారు ఈ పేరు?"

సుజాత అమాయకంగా నా వైపు చేయి చూపించింది. "కరుణమ్మ పెద్దమ్మే. అందరూ మిమ్మల్ని ఇట్టానే పిలస్తారంట గదా."

ఆ తర్వాత సారు చదవడం ఆపలేదు, వాళ్ళు తిట్టడం ఆపలేదు. రేపటి పెంచలమ్మ పేరు రాగానే వెనక నుంచి ఎవరో "కార్డు రేపు తీసుకుంటాదిలే సార్" అన్నారు. ఆమె నా వైపు తిరిగి, "నీ ఉప్పుకాగితం నీ మొహాన కొడతా, ఈ పొద్దే కొడతా" అంది. అన్నట్టే ఆ రోజే తెచ్చి కొట్టింది కూడా. నా గడి వల్ల జరిగిన మేలు అదొక్కటే.

మస్తానమ్మ కార్డు చదివాక నేను తల దించుకున్నాను. ఎప్పుడూ నోరు విప్పని మనిషి లేచి నిలబడింది. "నేను ఎవురి జోలికన్నా పోయినానా? ఒకరిని ఒక మాట అన్నానా? అట్టా బతికిందానికి నాకు ఏమీ లేదని రాపిస్తావా? జర్మనీ వోళ్ళకు చూపిస్తావా?" అని మొదలుపెట్టి, పెళ్ళైన దగ్గర నుంచి దాచుకున్న మాటలన్నీ నా మీద దించింది. ఏమీలేని మస్తానమ్మ దగ్గర ఎంత ఉందో ఊరికి అప్పుడే తెలిసింది.

వీళ్ళందరి కోపం వానజల్లు. తడుస్తాం, ఆరుతాం. నేను భయపడిన కార్డు ఇంకా రాలేదు. అది కూడా వచ్చింది.

"శ్రీమతి నవాబు ఖాజాబీ గారు."

ఖాజాబీ లేవలేదు. అరవలేదు. నా వైపు తిరిగి చూసింది, అంతే. ఆ పేరు షెడ్డులో నేను తప్ప ఎవరూ అనరని ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు, చూపులో మాత్రం తెలిసినట్టే ఉంది. వెనక మగవాళ్ళు సలాములు కొట్టడం మొదలుపెట్టారు.

"నాకు కార్డొద్దు సార్" అంది.

"కార్డు లేకపోతే కొయ్య ఇవ్వరమ్మా" అన్నారు సారు.

నేను ఆమె పక్కకు జరిగాను. "తీసుకో ఖాజాబీ. కొయ్య లేకపోతే ఎట్టా?"

"నవాబులకు కొయ్యెందుకు మే?"

"తప్పైపోయింది. నువ్వు చెక్కకపోతే నేనేం రుద్దేది?"

"గాల్ని రుద్దుకో. మా తాత గురించి చెప్తే తలకాయ ఊపతా ఇంటివి గదా ఇన్నేళ్ళూ. దీనికా ఊపతా ఉన్నింది?"

ఆమె చెక్కడం మానేస్తే మా ఇద్దరి బతుకూ ఆ పూటతో ఆగిపోతుంది. అంతకన్నా, ఆమె పక్కన లేకుండా ఆ షెడ్డులో కూర్చుని ఏం మాట్లాడాలో, ఎవరితో మాట్లాడాలో నాకు తెలియదు. సారు ఖాజాబీ కార్డు పక్కన పెట్టి చివరి కార్డు ఎత్తారు. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది, టీ తాగి వచ్చి ఆలోచిస్తానన్న గడి ఒకటుందని.

"శ్రీమతి ఆకురాయి కరుణమ్మ గారు. భర్త, శ్రీ నరసింహులు గారు."

షామియానా గుంజలు ఊగాయి. నన్ను తిట్టిన వాళ్ళందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నిద్ర పెంచలమ్మ కూడా నిద్ర లేచి నవ్వింది. కోడిపుంజు పెంచలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమ్మే ఆకురాయీ, రెండో పెళ్ళి ఎప్పుడు చేసుకుంటివి? ఎవురీ నరసింహులు? మాకొక ముద్ద పప్పన్నమన్నా పెట్టకపోతివే" అంది.

"ఆకురాయి ఎవురు మే?" అన్నాను ఖాజాబీతో.

"నువ్వే. నీ గొంతు విన్నా అంతే, నీ మాట విన్నా అంతే. రుద్దిందాకా వదలవు. అందరూ అనేదే. నువ్వు టీకి పోతివి, ఆ పిల్ల ఖాళీ వదలకూడదు, ముందుకు పోదు అనె. నేను చెప్పినా." మూతి బిగించుకునే చెప్పింది గానీ బిగింపు నిలవడం లేదు.

వెనక నుంచి మగవాళ్ళు "నరసింహులూ, యాడుండావు, రాయ్యా" అని కేకలు వేస్తున్నారు. సారు కూడా నరసింహులు గారు వచ్చారా అని మైకులో అడిగారు. నన్ను ఆకురాయి అంటే అన్నారు గానీ, మా చర్చి పెద్దలు అక్కడే ఉన్నారు, నా భర్త సమాధి కొండ అవతలే ఉంది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన పేరు నా నోటి నుంచి రాలేదు. ఆయన ఉన్నప్పుడు రాలేదు, ఆయన శవం మీద పడి ఏడ్చినప్పుడు రాలేదు. నేను పోయి సారు చేతిలోంచి మైకు లాక్కున్నాను. నాకు మైకెందుకో ఇప్పటికీ తెలియదు.

"నా మొగుడు నరసింహులు కాదు. దానియేలు. దానియేలు పెళ్ళాన్ని నేను. ఇంకో మొగుడు లేడు, ఉండబోడు."

ఆ మాట కోట దాకా పోయి, కొండకు తగిలి, దానియేలు అని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. ఖాజాబీ లేచి, సారు బల్ల మీద నుంచి రెండు కార్డులూ తీసుకుని వచ్చింది. ఒకటి తన రవికెలో దోపుకుని, రెండోది నా చేతిలో పెట్టింది.

"పెట్టుకో. రేపు కొయ్య తెచ్చుకోవాల" అంది. నా పక్కన కూర్చుంటూ, "పేరు మంచిదే మే. ఇన్నేళ్ళు దాచినావు" అంది.

సుజాతకు పాపం చీవాట్లు పడ్డాయి. పాత కార్డులు వెనక్కి తీసుకుని నంబర్ల కార్డులిచ్చారు, నా భర్త పేరు కూడా సరిచేశారు. జర్మనీ వాళ్ళకు మా నంబర్లే తెలుసు. గోదాములో మాత్రం ఆ నంబర్లు చదివితే ఒక్కరూ లేవరు, ఎవరి నంబరు ఎవరికి గుర్తుంటుంది? గోదాము మనిషి రెండుసార్లు నంబరు చదివి, విసుగు పుట్టి, గోడ వైపు తిరిగి నిలబడి, "నవాబు" అంటాడు. ఖాజాబీ లేచి పోయి కొయ్య తెచ్చుకుంటుంది. గోడ వైపు తిరిగి అన్నాడు కదా, అది వెనక అన్నట్టే లెక్క.

ఆ రోజే ఒక చేతిలో ఆకురాయి, ఇంకో చేతిలో పాటల పుస్తకం పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను. మనుషుల వివరాలు రాసే యంత్రం ఎంత చల్లని గదిలో ఉన్నా, దానికి ఎంత మంచి దుప్పటి కప్పినా, దాని ముందు కూర్చుని ఇంకొకరి గురించి నోరు విప్పను. కొత్త గడి పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వను. నా వివరాలు కావాలన్నా ఖాజాబీ దగ్గరికే పంపుతాను. ఒక్క వివరం మాత్రం ఎవరూ అడక్కపోయినా నేనే చెబుతాను, ఎక్కడైనా, ఎంత గట్టిగానైనా. నా భర్త పేరు దానియేలు.